మామగారి మాత్ర, మోటారు కథ

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ మామగారు నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. పదకొండేళ్ళుగా వేసుకుంటున్న బీపీ మాత్రను రెండు నెలల కిందట ఫోనులో ఒక వీడియో చూసి మానేశారు. ఆ వీడియో వాదన ఇది: వయసు మీదపడితే రక్తనాళాలు ఇరుకవుతాయి, ఇరుకు నాళాల గుండా మెదడుకు రక్తం ఎక్కాలంటే గుండె మరింత ఒత్తిడితో కొట్టాలి, కాబట్టి బీపీ పెరగడం జబ్బు కాదు, శరీరం తనకు తాను చేసుకుంటున్న సర్దుబాటు, మాత్ర వేసి దాన్ని తగ్గించడమంటే పై అంతస్తుకు నీళ్ళెక్కించే మోటారును కట్టేయడమే. ఇంత చదువుకున్న మనిషి దీన్ని ఎలా నమ్మారని మీ మొదటి ప్రశ్న. వింటే నాకూ సబబుగానే అనిపించింది, ఇందులో ఏమైనా నిజముందా అన్నది రెండోది. రెండోది అడగడానికి కాస్త మొహమాటపడ్డట్టున్నారు. అక్కర్లేదు. మొదటి ప్రశ్నకు జవాబు రెండోదానిలోనే దొరుకుతుంది.

ముందు ఒక పని చేయండి. ఆయన మానేసిన మాత్ర పేరు చూడండి. బీపీ మందుల్లో బీటా బ్లాకర్ల జాతివి, క్లోనిడిన్ వంటివి ఉన్నట్టుండి మానేస్తే బీపీ మునుపటికంటే ఎగదన్నే ప్రమాదం ఉంది. ఈ రోజే బీపీ చూపించి, మందు రాసిన డాక్టరుకు మానేసిన సంగతి చెప్పండి. మాట తడబడటం, ఒక వైపు చెయ్యో కాలో పట్టుతప్పడం, ఛాతీలో నొప్పి, ఎన్నడూ లేనంత తలనొప్పి, వీటిలో ఏది కనబడినా ఇంట్లో చర్చ పెట్టుకోకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇక మిగతాది తీరిగ్గా చదవండి.

ఆ వీడియోలో మాట్లాడినాయన ఎవరో నాకు తెలియదు. ఆ ఆలోచన మాత్రం ఆయనది కాదు. వందేళ్ళ కిందట అది ఉద్దండులైన వైద్యుల అభిప్రాయం. బ్రిటన్‌లో జాన్ హే అనే పేరున్న వైద్యుడు 1931లో ఒక మాటన్నాడు: బీపీ ఎక్కువగా ఉన్న మనిషికి అసలు ప్రమాదం అది బయటపడటంలోనే ఉందట, బయటపడితే ఎవడో ఒక మూర్ఖుడు దాన్ని తగ్గించడానికి బయలుదేరతాడట. అమెరికాలో పాల్ డడ్లీ వైట్, అంటే 1955లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వస్తే చూసిన హృద్రోగ నిపుణుడు, 1930లలో ఇంచుమించు ఇదే రాశాడు. పెరిగిన బీపీ శరీరం చేసుకునే ముఖ్యమైన సర్దుబాటు కావచ్చు, తగ్గించే దారి దొరికినా దాని జోలికి పోకూడదన్నది ఆయన భావం. హే మాట ఎంత చమత్కారంగా ఉందో చూడండి. తొంభై ఏళ్ళు దాటినా నాకు నోటికొచ్చేలా ఉంది. అదే దానితో వచ్చిన చిక్కు.

రెండో ప్రపంచయుద్ధ కాలపు అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంగతి వినే ఉంటారు. 1944 మార్చిలో హోవర్డ్ బ్రూయెన్ అనే యువ హృద్రోగ వైద్యుడు పరీక్షించేసరికి ఆయన బీపీ 186/108. అప్పటికి అధ్యక్షుడి సొంత వైద్యుడు చెవి, ముక్కు, గొంతు నిపుణుడు. మరుసటి ఏడాది ఏప్రిల్ 12న, జార్జియాలోని వార్మ్ స్ప్రింగ్స్‌లో చిత్రకారిణి ఎదుట కూర్చుని బొమ్మ గీయించుకుంటూ, తల వెనక భరించలేని నొప్పి అన్నాడు. అప్పుడు చూస్తే 300/190. మెదడులో రక్తస్రావమై కొన్ని గంటల్లో పోయాడు. న్యాయంగా చెప్పాలంటే ఆ రోజుల్లో వాడదగ్గ మంచి మందులు లేవు. కానీ మోటారు కథే నిజమైతే, అంత ఒత్తిడి మీద ఆయన మెదడుకు భూమ్మీద మరెవరికీ అందనంత చక్కగా రక్తం అందాలి.

రూజ్‌వెల్ట్ ఒక్కడు. ఒక్కడి చావుతో ఏదీ రుజువు కాదని మీ మామగారు అనవచ్చు. అంటే ఆయనదే సరి. అందుకే ఎడ్వర్డ్ ఫ్రెయిస్ చేసిన పని చెప్పాలి. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఆయన బృందం బీపీలో కింది అంకె 115కూ 129కీ మధ్య ఉన్న 143 మంది మగవాళ్ళను తీసుకుంది. 73 మందికి బీపీ మందులు, 70 మందికి చూడటానికి అలాగే ఉండే ఉత్తి బిళ్ళలు. ఎవరు ఏవి వేసుకుంటున్నారో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. 1967లో ఫలితాలు వచ్చాయి. ఉత్తి బిళ్ళల వాళ్ళలో ప్రాణం మీదికి తెచ్చే సంఘటనలు 27, మందుల వాళ్ళలో 2. అటు చావులు నాలుగు, ఇటు ఒక్కటీ లేదు.

ఈ లెక్క రాకముందు రెండు కథలున్నాయి. ఇరుకు నాళాల్లోకి రక్తం ఎక్కాలంటే ఒత్తిడి కావాలన్నది ఒకటి. పెరిగిన ఒత్తిడి నాళాల గోడలను నలిపి చీలుస్తుందన్నది రెండోది. రెండూ పొందికైనవే. రెండింటికీ పెద్ద పెద్ద ఆచార్యులున్నారు. కూర్చుని మాట్లాడుకుంటే ఇప్పటికీ తేలేది కాదు. తేల్చింది 27 పక్కన వేసిన 2.

మరి మోటారు కథలో నిజమే లేదా? ఉంది, అందుకే అంత బాగా అతుకుతుంది. మెదడు తన రక్తనాళాలను తానే బిగించుకుని, సడలించుకుని, బీపీ కొంత పెరిగినా తగ్గినా లోపలికి వచ్చే రక్తం దాదాపు ఒకేలా ఉండేటట్టు చూసుకుంటుంది. ఏళ్ళ తరబడి బీపీ ఎక్కువగా ఉన్నవాళ్ళలో ఈ సర్దుబాటు పరిధి పైకి జరుగుతుంది. అలాంటివారికి ఒక్క రోజులో బీపీని పడగొడితే మెదడుకు నిజంగానే రక్తం చాలకపోవచ్చు. అందుకే డాక్టర్లం మేము వారాల మీద మెల్లగా దించుతాం. నాళం పూడుకుని పక్షవాతం వచ్చిన తొలి గంటల్లో ఆచితూచి వ్యవహరిస్తాం. మెల్లగా దించితే ఆ పరిధి కూడా మళ్ళీ కిందికి జరుగుతుంది. వీడియో ఈ ముక్కలో మొదటి సగం తీసుకుని రెండో సగం వదిలేసింది. శుద్ధ అబద్ధమైతే మీ మామగారి దగ్గర ఐదు నిమిషాలు కూడా నిలిచేది కాదు.

ఇప్పుడు నా సొంత సిగ్గు ఒకటి. కారణం ఇదీ అని తెలియకుండా వచ్చే మామూలు బీపీని మా భాషలో ఎసెన్షియల్ హైపర్‌టెన్షన్ అంటారు. దీనికి మేము చదువుకునే రోజుల్లో ఒక కథ చెప్పారు: ఒంటికి ఈ ఒత్తిడి అవసరమని పాతకాలం వైద్యులు నమ్మారు, అందుకే అవసరమన్న అర్థంలో ఎసెన్షియల్ అన్నారని. ఎంత ముచ్చటైన కథ! ఒక్క మాటలో ఒక శతాబ్దపు పొరపాటు. నేనూ హౌస్ సర్జన్లకు ఇరవై ఏళ్ళు ఇదే చెప్పాను. ఒకరోజు ఒక అమ్మాయి లేచి, "సార్, ఎసెన్షియల్ ట్రెమర్ అని ఉంది కదా, చేతులు వణకడం ఎవరికి అవసరం?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తర్వాత వెతికితే తేలిందేమిటంటే, వేరే జబ్బు వల్ల కాక తనంతట తానుగా వచ్చిన దానికి ఎసెన్షియల్ అనడం వైద్యంలో పాత వాడుక. జర్మనీలో ఫ్రాంక్ అనే వైద్యుడు 1911లో బీపీకి ఈ పేరు పెట్టింది ఆ అర్థంలోనే. తప్పుడు నమ్మకాల గురించి పాఠం చెబుతూ ఇరవై ఏళ్ళు నేను తప్పుడు కథ చెప్పాను. ఎందుకు సరిచూసుకోలేదు? చెప్పిన ప్రతిసారీ పిల్లలు తలలూపారు. నాకూ చెప్పడం బాగుండేది.

మీ మొదటి ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరుకుతుంది. మీ మామగారు తెలివైనవారు అయి కూడా నమ్మారని మీరంటున్నారు. తెలివైనవారు కాబట్టే నమ్మారని నేనంటాను. ఇరుకు గొట్టం, ఎత్తు, పీడనం, ప్రవాహం, ఇవన్నీ ఆయన బతుకంతా చూసినవి. వీడియో చెప్పింది నాలుగు ముక్కలు, మిగతా నలభై ఆయనే అల్లుకున్నారు. తూము సన్నబడితే ఏమవుతుందో, చివరి భూములకు నీరు ఎందుకు ఎక్కదో ఆయనకు తెలిసినట్టు ఆ మాట్లాడినాయనకు కూడా తెలిసి ఉండదు. తన అనుభవమే సాక్ష్యం చెబుతుంటే మనిషికి అనుమానం ఎందుకు వస్తుంది? కానీ ఆ సాక్ష్యం కాలువల గురించి. తనంతట తాను వెడల్పయ్యే కాలువను ఆయన ఎన్నడూ చూసి ఉండరు. మెదడులోని నాళం ఆ పని రోజంతా చేస్తుంది.

ఏ కథయినా అతికినప్పుడు లోపల ఒక చిన్న సంతోషం పుడుతుంది. అది మనకు ముందే తెలిసినవాటితో అతికినందుకు పుట్టే సంతోషం. బయట ఉన్న సంగతితో అతికిందో లేదో ఆ సంతోషానికి తెలియదు.

చదువులేనివాళ్ళు దీనికి అతీతులేం కాదు. 1980ల చివర నేను ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండగా ఏడాది నిండని పిల్లవాడిని తీసుకొచ్చారు. రెండు రోజులుగా విరేచనాలు. కళ్ళు గుంటలు పడ్డాయి, నాలుక పీచులా ఉంది, పొట్ట మీది చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలితే మడత అలాగే నిలబడింది. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు చెంచాతో పట్టమంటే నాయనమ్మ ఒప్పుకోలేదు. నీళ్ళు పోస్తే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయట. పైగా, "కుండకు చిల్లు పడితే ముందు నీళ్ళు పోయడం మానాలా, పోస్తూ కూర్చోవాలా బాబూ?" అని అడిగింది. నాకు మాట రాలేదు. నా వెనక ఐదున్నరేళ్ళ చదువుంది, ఆమె వెనక ఒక్క కుండ ఉంది. కుండే గెలిచింది. తర్వాత తోచింది: "కుండ ఎండిపోతే మళ్ళీ నింపుకోవచ్చు, బిడ్డ ఎండిపోతే నింపలేం పెద్దమ్మా" అన్నాను. ఆమె కాసేపు చూసి, చెంచా తనే తీసుకుంది.

ఆ రోజు ఎంత గర్వపడ్డానో. ఇప్పుడు ఆలోచిస్తే నేను చేసిందల్లా ఒక మాటను ఇంకో మాటతో కొట్టడం. ఆమె కుండ ఎంత రుజువో నా కుండ కూడా అంతే. నా మాట నిజం కావడానికి ఆధారం బెంగాల్ సరిహద్దులో ఉంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థుల మధ్య బనగావ్ శిబిరంలో కలరా చెలరేగింది. ఎక్కించడానికి సెలైన్ సీసాలు అయిపోయాయి. దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో నింపించి, రోగుల బంధువుల చేతనే పట్టించాడు. అంతకుముందు నూటికి ముప్పై దాకా ఉన్న చావులు 3.6కు దిగాయి. ఇందులో మా డాక్టర్లు కాలర్ ఎగరేయడానికేమీ లేదు. విరేచనాలు పట్టుకున్నప్పుడు పేగులకు విశ్రాంతి ఇవ్వాలని పిల్లల కడుపు మాడ్చినవాళ్ళలో మా పుస్తకాలు చదివినవారూ ఉన్నారు. పేగులకు విశ్రాంతి! నాయనమ్మ కుండకంటే ఇదేం గొప్ప మాట? టైఫాయిడ్ జ్వరమొస్తే రోజుల తరబడి పస్తులుంచిన ఇళ్ళు నేను చూశాను. "లంఖణం పరమౌషధం" అన్నది అడ్డుచెప్పలేని మాట. సంస్కృతంలో ఉంది, పొట్టిగా ఉంది, తాతలనాటిది.

సామెతల మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న కిటుకు చెబుతాను. ఏదైనా మాట మరీ నచ్చేసినప్పుడు దాన్ని తిరగేసి, అంతే ధీమాగా చెప్పి చూడండి. "నిదానమే ప్రధానం" అంటే తల ఊపుతాం. "ఆలస్యం అమృతం విషం" అన్నా ఊపుతాం. ఆ మాట వల్ల మనకు కొత్తగా ఏమీ తెలియలేదన్నమాట. మోటారు కథ కూడా ఇలా తిరగబడుతుంది: పాత పైపుల మీద ఎక్కువ ప్రెషరు పెడితే ఎక్కడో జాయింటు ఊడుతుంది, కాబట్టి తగ్గించడమే తెలివి. అదే గొట్టం, అదే నీళ్ళు. మీ మామగారికి ఇది చెబితే ఒప్పుకుంటారేమో కూడా. కానీ ఇలా ఒప్పించమని నేను చెప్పను, రేపు ఇంకొకరు ఇంకో పైపు తెస్తారు.

మా డాక్టర్ల పరువు పూర్తిగా తీసిన కథ కూడా చెప్పకపోతే ఈ జవాబు పక్షపాతంగా ఉంటుంది. గుండెపోటు వచ్చి బతికినవాళ్ళలో కొందరికి మధ్యమధ్య గుండె లయ తప్పి అదనపు స్పందనలు వస్తాయి. అవి ఎక్కువగా వచ్చేవాళ్ళు హఠాత్తుగా చనిపోవడం కూడా ఎక్కువ. ఆ స్పందనలను అణిచే మందులున్నాయి. అణిస్తే చావులు తగ్గాలి కదా? ఎవరికీ సందేహం లేదు. అమెరికాలో ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే రెండు మందులతో పరీక్ష పెట్టారు. అదీ, మందుకు ఆ స్పందనలు అణిగినట్టు తేలిన రోగులనే తీసుకుని. సగటున పది నెలలు చూశారు. 1991లో వచ్చిన లెక్క: మందు వేసుకున్న 755 మందిలో 63 మంది పోయారు, ఉత్తి బిళ్ళ వేసుకున్న 743 మందిలో 26 మంది. ఈసీజీ కాగితం చక్కబడింది, మనిషి పోయాడు. ఆ వ్యాసం లైబ్రరీలో చదివిన సాయంత్రం మా ప్రొఫెసరు గారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఇంత చక్కటి తర్కం" అని ఒక్క మాటన్నారు.

సరే, ఇంట్లో ఏం చేయాలి. ఎదురు వీడియో పంపకండి. మీ మాట కోడలి మాట అవుతుంది, ఆయనకు అభిమానం అడ్డొస్తుంది. వాదించడం కంటే అడగడం మేలు. యేల్ విశ్వవిద్యాలయంలో రోజెన్‌బ్లిట్, కైల్ అనే ఇద్దరు 2002లో ప్రచురించిన ప్రయోగాలున్నాయి. జిప్పు ఎలా పనిచేస్తుందో, టాయిలెట్ ఫ్లష్ ఎలా పనిచేస్తుందో మీకు ఎంత బాగా తెలుసని అడిగితే జనం ధీమాగా మార్కులు వేసుకున్నారు. అంచెలంచెలుగా వివరించమన్నాక అదే మనుషులు తమ మార్కులు తామే తగ్గించుకున్నారు. మీరు కూడా నిజంగా తెలుసుకోవాలనే అడగండి: "మామయ్యగారూ, గుండె నుంచి మెదడు దాకా ఏ నాళం ఎంత ఇరుకైందో మన విషయంలో ఎలా తెలుస్తుంది? బీపీ పెరిగాక మెదడుకు రక్తం ఎక్కువ వెళ్ళిందని ఎవరైనా కొలిచారా? ఈ మాట తప్పయితే మనకు ఎప్పుడు, ఎలా తెలుస్తుంది?" చివరి ప్రశ్న ఇంజినీర్లకు బాగా తగులుతుంది. కొత్త షట్టరు డిజైను చూపించి ఎవరైనా తియ్యగా మాట్లాడితే ఆయన సంతకం పెట్టేవారా? నీటి ప్రవాహం కొలిచిన లెక్కలు తెమ్మనేవారు.

కొలతలు ఆయన చేతే రాయించండి. మోచేతి పైన పట్టీ కట్టే మిషను కొనండి, మణికట్టువి వద్దు. కాఫీ తాగి, లేదా సిగరెట్ కాల్చి అరగంట దాటాలి. కుర్చీలో వీపు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. ఉదయం రెండు, సాయంత్రం రెండు చొప్పున ఏడు రోజులు, తేదీతో సహా నోటుబుక్కులో. తన చేత్తో రాసిన అంకెను ఇంజినీరు అంత తేలిగ్గా కొట్టిపారేయలేడు.

ఇక అనుభవం మీద చెప్పే మాట ఒకటుంది, నిజానికి దీన్ని మొదటే రాయాల్సింది. నా దగ్గరకు వచ్చినవాళ్ళలో, వీడియో చూసి మందు మానేశామన్నవారిని నెమ్మదిగా కదిపితే చాలామందిలో వీడియో కంటే ముందు ఇంకేదో ఉండేది. ఆమ్లోడిపిన్‌తో సాయంత్రానికి పాదాలు వాచి చెప్పులు పట్టకపోవడం. ఎనలాప్రిల్ జాతి మందులతో రాత్రంతా పొడి దగ్గు. నీరు తీసే మాత్రలతో పెళ్ళిళ్ళకు, ప్రయాణాలకు వెళ్ళాలంటే భయం. మంచం మీంచి లేవగానే తూలడం. కొందరు మగవాళ్ళకు భార్యతో కూడా చెప్పుకోలేని ఇబ్బంది. మానేయాలని మనసులో ఎప్పటినుంచో ఉంటుంది, గౌరవంగా మానేయడానికి ఒక కారణం కావాలి. సరిగ్గా అప్పుడు వీడియో వస్తుంది. ఆకలి మీదున్నవాడికి ఏ వంటయినా రుచే.

కాబట్టి మోటారు సంగతి పక్కన పెట్టి, మీ అత్తగారి చేతనో, ఆయన ఈడు స్నేహితుడి చేతనో ఈ ఇబ్బందుల గురించి అడిగించండి. ఉంటే మందు మార్చవచ్చు, మోతాదు తగ్గించవచ్చు, రెండు మందులు చిన్న మోతాదుల్లో కలపవచ్చు. పదకొండేళ్ళుగా అదే మాత్ర నడుస్తోందంటే మధ్యలో ఎవరూ ఆయన్ను ఈ మాట అడగలేదేమోనని నా అనుమానం. మాత్ర పేరు, ఎన్ని మిల్లీగ్రాములో, మొదటి మూడు రోజుల అంకెలు ఇక్కడే కింద రాయండి. చూస్తాను.